చేతి ధమనిలోకి పోయిన థయోపెంటోన్: ఒక కేస్ మొత్తం

థయోపెంటోన్ అంటే వీన్‌లో (సిరలో) ఇచ్చే మత్తుమందు. అది పొరపాటున ధమనిలోకి పోయిన కేస్ ఇది, నా చేతుల మీదుగా జరిగింది. పదేళ్ళు దాటింది. నల్గొండలో పిలిస్తే వెళ్ళి కేసుకింత అని తీసుకునే మత్తు డాక్టర్ని నేను, పొద్దున ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి సిజేరియన్ వస్తే మూడోది. ఆసుపత్రి పేరు అక్కర్లేదు. పేషెంట్ కొడుకుని అడిగితే, "మా అమ్మ ముచ్చట చెప్పుకోండి సారూ, పేరొక్కటి వద్దు" అన్నాడు, అందుకని పేరూ ఊరూ రెండూ వదిలేస్తున్నా.

ఆమెకు 52 ఏళ్ళు, 48 కిలోలు, చండూరు దిక్కు పద్మశాలీల ఇల్లు. ఆ పక్క పల్లెల్లో పుట్టి పెరిగి బోరునీళ్ళు తాగినవాళ్ళ ఎముకలు ఎలా ఉంటాయో మన జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. నడుం వంగిపోయింది, మెడ పూర్తిగా తిరగదు, భుజాలు సగం వరకే లేస్తాయి, రెండు మోచేతులూ కొంచెం ముడుచుకుని అక్కడే ఆగిపోయాయి. చేతి ఎక్స్‌రే తీస్తే ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర కూడా సున్నం పట్టి ఎముకలా కనిపించింది. ఫ్లోరైడ్ నీళ్ళతో వచ్చే ఫ్లోరోసిస్ పాఠంలో వేసే బొమ్మ అదే. ఇంట్లో ఆసు పోసే పని (నేతకు ముందు నూలుని మేకుల చుట్టూ వరసపెట్టడం) ఎప్పుడో మానేసిందట, దానికి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి కదా, భుజం లేవనిది ఎలా పోస్తుంది. కూర్చుని రాట్నం మీద నూలు కండెలు మాత్రం చుడుతుంది. కుడిచేత్తో.

వచ్చిన బాధ దీనికి సంబంధం లేనిది. కుడి తొడ వెనక పెద్ద చీముగడ్డ, మూడు రోజులుగా జ్వరం. పది నిమిషాల పని, కోసి చీము తీస్తే అయిపోతుంది. మామూలుగా అయితే నడుంకి సూది వేసేవాణ్ణి. వేశాను కూడా, మూడు చోట్ల ప్రయత్నించాను. సూది ప్రతిసారీ రాయికి తగిలినట్టు ఆగింది. వెన్నులో లిగమెంట్లన్నీ ఎముకలయ్యాయి, ఇక దారెక్కడిది. కెటమిన్ ఇద్దామంటే అది బీపీ పెంచుతుంది, ఆమెకు అప్పటికే 170కి 100 ఉంది. ఇంకో మత్తుమందు ప్రొపోఫోల్ ఆ రోజు స్టాక్ లేదు. మెడ బిగుసుకున్న మనిషికి గొంతులో గొట్టం వేసే పని పెట్టుకోకుండా, తన ఊపిరి తానే తీసుకుంటుండగా మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తూ కొద్దిగా థయోపెంటోన్‌తో పని కానిద్దామనుకున్నా. ఇప్పుడు ఆలోచించినా ఆ నిర్ణయం మరీ తప్పనిపించదు. తప్పు మరోచోట జరిగింది.

వార్డులోనే కాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి పంపారు. ఎడమ చేతి వీన్లు మూడు రోజుల సెలైన్లకు ఉబ్బి పోయాయి, మోచేతి మడతలో పెడదామంటే మోచెయ్యి చాపుకోదు. సిస్టర్ కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, 22 నంబర్ది పెట్టింది. మేం ఇంటర్న్‌షిప్‌లో ఎవరికీ ఏదీ దొరకనప్పుడు వెళ్ళి పడే చోటు అదే, అక్కడ లావుపాటి వీన్ ఒకటి కచ్చితంగా ఉంటుంది. పంపేటప్పుడు సిస్టర్ ఒక మాట చెప్పింది: "సార్, సెలైన్ సరిగా పోవట్లేదు, రక్తం పైపులోకి ఎక్కుతోంది, అందుకే సెట్ తీసేసి క్యాప్ పెట్టాం." నేను "చెయ్యి వంగి ఉంది కదమ్మా, అందుకే" అన్నాను. అన్నది నేనే, ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బీపీ 170 ఉన్న మనిషికి మనిషెత్తు స్టాండు మీద వేలాడే బాటిల్ నుంచి సెలైన్ దిగకపోగా రక్తమే పైకి ఎక్కుతోందంటే అర్థం ఒక్కటే, కాన్యులా ధమనిలో ఉంది. ఆ రోజు మూడో ఆసుపత్రి కేస్ టైమ్ కూడా నా బుర్రలో తిరుగుతోంది.

రెండో సంగతి మందు. థయోపెంటోన్ పొడిగా వస్తుంది, లేత పసుపు రంగు, మూత తీస్తే వెల్లుల్లి లాంటి గంధకం వాసన. అర గ్రాము వయల్‌లో 20 మి.లీ. నీళ్ళు పోస్తే రెండున్నర శాతం ద్రావణం, మి.లీ.కి 25 మి.గ్రా. ఓటీ (ఆపరేషన్ థియేటర్) కుర్రాడికి చేతికి అలవాటైన లెక్క అదే: ఒక వయల్, ఒక 20 సిరంజి. ఆ వారం మెడికల్ షాపు నుంచి వచ్చినవి ఒక గ్రాము వయల్స్. అతను ఎప్పటిలాగే 20 కలిపాడు. నా చేతికొచ్చింది ఐదు శాతం మందు, రంగు కొంచెం చిక్కగా ఉంది, నేను లైటుకి పెట్టి చూడలేదు, లేబుల్ అడగలేదు. వాణ్ణి ఏమీ అనను. ఎవరు కలిపినా సిరంజి ఎక్కించేది నేను.

మొదట రెండు మి.లీ. ఇచ్చి ఆగాను. ఇది ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను, మా ప్రొఫెసర్ కొట్టి నేర్పిన అలవాటు, కొంచెం ఇచ్చి పేషెంట్‌ని ఏమైనా అవుతోందా అని అడగడం. అడిగే పని పడలేదు. "అయ్యో సారూ, చెయ్యి కాలుతుంది, నిప్పుల పెట్టినట్టుంది, తియ్యిండ్రి, తియ్యిండ్రి" అని చెయ్యి లాక్కుంది. థయోపెంటోన్ వీన్‌లో కొంచెం కూడా మండదని కాదు, కానీ అది సిరంజి ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర చిన్నగా ఉంటుంది, వెంటనే నిద్రలో కొట్టుకుపోతుంది. ఇక్కడ మంట సూది దగ్గర లేదు, వేళ్ళ కొసల్లో ఉంది. పైగా ఆమెకు నిద్ర రావట్లేదు. అర నిమిషం గడిచింది, కళ్ళు పెద్దవి చేసుకుని నా వైపే చూస్తోంది. వంద మి.గ్రా. వీన్‌లో పోయుంటే 48 కిలోల మనిషి ఎంతోకొంత తూగాలి.

చెయ్యి చూశాను. బొటనవేలు, చూపుడువేలు, వాటి మధ్య చర్మం, సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. చూస్తుండగానే ఆ తెలుపులో ఊదారంగు మచ్చలు, వల పరిచినట్టు. చూపుడువేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించాను, గీత రాలేదు. చిటికెన వేలికి మార్చాను, వచ్చింది, సన్నగా.

అప్పుడు సిస్టర్ చెయ్యి కాన్యులా వైపు పోయింది, తీసేద్దామని. ఎవరి చెయ్యైనా అటే పోతుంది, తప్పు చోట పెట్టాం కాబట్టి పీకేయాలి అనిపించడం సహజం. "తియ్యొద్దు!" అని అరిచాను, ఓటీలో నేను అరవడం వాళ్ళు వినలేదు అప్పటిదాకా. ఈ కేస్‌లో నేను చెప్పాల్సింది ఒక్కటే అంటే ఇదే: ధమనిలో ఉందని తేలిన కాన్యులాని పీకొద్దు. ఆ క్షణం తర్వాత ఆ ధమని పిడుచకట్టి, బిగుసుకుని, మళ్ళీ దొరకదు. చచ్చిపోతున్న వేళ్ళకు మందు చేర్చడానికి ఉన్న దారి అదొక్కటే, దాన్ని వేసింది మన పొరపాటే అయినా సరే.

ధమనేనా అని తేల్చుకోవడానికి బ్లడ్ గ్యాస్ మెషీన్ లేదు. ఖాళీ సెట్ ఒకటి తగిలించి పైపు నిటారుగా పట్టుకున్నాం. రక్తం పైపులో ఎక్కింది, ఎక్కి మానిటర్ బీప్‌తో పాటు లేస్తూ పడుతూ ఆడింది. ఎర్రగా, వీన్ రక్తంలా నల్లటి ఎరుపు కాదు, బాగా ఎరుపు. ఇక అనుమానం లేదు.

ఆ తర్వాత చేసినవి వరుసగా చెప్తా. అదే కాన్యులా నుంచి మామూలు సెలైన్ 20 మి.లీ. మెల్లగా. తర్వాత తిమ్మిరి మందు లిగ్నోకైన్ ఒక శాతం 5 మి.లీ., అడ్రినలిన్ కలవనిది, వయల్ మీద అక్షరాలు రెండుసార్లు చదివి, సిస్టర్‌తో గట్టిగా చదివించి. అడ్రినలిన్ నాళాల్ని ఇంకా బిగిస్తుంది, అది కలిసినది అక్కడ వేస్తే ఇక చెప్పక్కర్లేదు. ధమనిని వదులు చేయడానికి పుస్తకాల్లో రాసే పాపవెరిన్ ఉంటే వేసేవాణ్ణి, నల్గొండ షాపుల్లో ఆ రాత్రి ఎవరి దగ్గరా లేదు. ఇక ఆ చేతికి నరాల బ్లాక్, అంటే నరాల దగ్గర తిమ్మిరి మందు వేయడం. బ్లాక్‌తో రెండు పనులవుతాయి, నొప్పి పోతుంది, రక్తనాళాలను బిగించే సింపథటిక్ నరాలు కూడా పడుకుంటాయి కాబట్టి బిగుసుకున్న నాళాలు వదులవుతాయి.

ఇక్కడ ఫ్లోరోసిస్ మళ్ళీ అడ్డం పడింది. చంకలో బ్లాక్ వేయడం భద్రం, రక్తం కారినా వేలితో నొక్కి పట్టొచ్చు, కానీ దానికి చెయ్యి పక్కకు ఎత్తి పెట్టాలి, ఆమె భుజం లేవదు. మెడ దగ్గర సింపథటిక్ నరాల ముడికి వేసే స్టెలేట్ బ్లాక్ అంటే మెడ చాపాలి, అదీ కాదు. మిగిలింది కాలర్ ఎముక పైనుంచి. దాని కిందే ఊపిరితిత్తి. పక్కటెముకలు బిగుసుకుపోయి పొట్టతోనే ఊపిరి తీసుకునే మనిషికి ఊపిరితిత్తి గుచ్చుకుందంటే ఒక చెయ్యి కాపాడబోయి ప్రాణం మీదకు తెచ్చినట్టు. అల్ట్రాసౌండ్ మెషీన్ రెండు గదుల అవతల ఉంది, కానీ ఆ మెషీన్లు లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన గదిలోనే ఉండాలి, తాళం స్కానింగ్ డాక్టర్ ఇంట్లో. సూది కొసతో నరానికి చిన్న కరెంటు ఇచ్చి చోటు చూపే నర్వ్ స్టిమ్యులేటర్ నా సంచిలోనే ఉంటుంది, దాంతో వేశాను, వేళ్ళు ఆడిన చోట. ఇంకో తిమ్మిరి మందు బుపివకైన్ పావు శాతం 20 మి.లీ., అంటే 50 మి.గ్రా., అప్పటికే 50 మి.గ్రా. లిగ్నోకైన్ లోపల ఉంది కాబట్టి అంతకంటే పెంచలేదు.

రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ముందు ఇవ్వాలా బ్లాక్ ముందు వేయాలా అని తర్వాత ఒక మీటింగ్‌లో ఇద్దరు సీనియర్లు నన్ను బాగా నిలదీశారు. నా లెక్క ఇది: హెపారిన్ పోసిన మనిషికి కాలర్ ఎముక వెనక సూది గుచ్చి రక్తం కారితే నొక్కడానికి చోటు లేదు. అందుకే ముందు బ్లాక్, అది అయ్యాక పావుగంటకు 5000 యూనిట్లు. ఆ పావుగంటలోనే మా సర్జన్ గడ్డ మీద లోకల్ ఇచ్చి చిన్న గాటు పెట్టి చీము కూడా తీసేశాడు, హెపారిన్ పోసింతర్వాత అదీ కష్టమే కదా. ఆయన ఓపికకు దండం పెట్టాలి, ఒక్క మాట అనలేదు.

ఇరవై నిమిషాలకు చెయ్యి వెచ్చబడింది. బొటనవేలికి రంగొచ్చింది. చూపుడువేలు మొదలు గులాబీ రంగు, కొస మాత్రం బూడిద రంగులోనే ఉంది.

ఎందుకిలా అవుతుందో అప్పటికి నాకు పరీక్షలో రాసేంతే తెలుసు. ధమని బిగుసుకుపోతుంది, అందుకే రక్తం ఆగుతుంది అని. తర్వాత చదివితే తెలిసింది, బిగుసుకోవడం కథలో సగమే. థయోపెంటోన్ నీళ్ళలో కరగాలంటే క్షారం కావాలి, అందుకే పొడిలోనే సోడియం కార్బొనేట్ కలిపి పెడతారు, కలిపిన మందు పీహెచ్ పదిన్నర దాకా ఉంటుంది. రక్తం 7.4. ఆ క్షారం పోగానే మందు కరిగి ఉండలేక స్ఫటికాలుగా పడిపోతుంది. 1966లో డీ.జే. వాటర్స్ అనే డాక్టర్ ఇది రసాయన సంగతి అని రాశాడు, స్ఫటికాలే సన్న నాళాల్లో ఇరుక్కుంటాయని. 1968లో బెల్‌ఫాస్ట్‌లో డండీ, ఆయన తోటివాళ్ళు దీన్నే ఇంకా లోతుగా చూశారు. ఆ స్ఫటికాలు గుచ్చుకున్న చోట నాళం లోపలి పొర దెబ్బతింటుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, నాళాన్ని బిగించే పదార్థాలు విడుదలవుతాయి. సెలైన్, లిగ్నోకైన్, బ్లాక్, హెపారిన్ అన్నీ ఎందుకో అప్పుడు ఒక్కోటి అర్థమైంది.

మరి వీన్‌లో ఇస్తే ఎందుకు కాదు? అక్కడ కూడా రక్తమే కదా అని మా జూనియర్లు అడుగుతారు. వాగు, కాలువ తేడా చెప్తాను. వీన్‌లో పోసిన మందు చిన్న వాగు నుంచి పెద్ద వాగుకు, అక్కడ నుంచి ఏటికి పోతుంది, ప్రతి మలుపులో కొత్త నీళ్ళు కలుస్తాయి, పలచబడుతూ పోతుంది, పడిన కొద్దిపాటి స్ఫటికాలు కూడా కరిగిపోతాయి. ధమనిలో పోసింది ప్రధాన కాలువ నుంచి పంట కాలువకు, పంట కాలువ నుంచి మడికి. ముందుకు పోయేకొద్దీ దారి సన్నబడుతుంది, కొత్త నీళ్ళు కలిసేది లేదు. చివరి మడి దగ్గర చెత్త అడ్డం పడితే ఆ మడి ఎండిపోతుంది. ఆ చివరి మడి వేలి కొస.

అందుకే బలం ముఖ్యం. రెండున్నర శాతం మందు పొరపాటున ధమనిలో పోయినా చాలామందిలో మంట, తెల్లబడటంతో బయటపడతారు, వేళ్ళు పోయేది ఎక్కువగా ఐదు శాతంతోనే. మిగిలిన మందు నేను ఇంటికి తీసుకుపోయాను. గాజు గ్లాసులో పోసి రెండు చుక్కలు నిమ్మరసం పిండాను, పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. రక్తం నిమ్మరసం అంత పుల్లగా ఉండదు, అది నాకూ తెలుసు, అక్కడ ఇంత ముద్దగా పడదు. కానీ ఆ తెల్లటి మడ్డి గ్లాసు అడుక్కి దిగుతుంటే చూస్తూ చాలాసేపు కూర్చున్నా. మా ఆవిడ వచ్చి "ఏందది, పాలా?" అంది.

ఈ మందుకి ఇంకో చరిత్ర ఉంది, అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అబ్బాట్ కంపెనీలో వోల్‌వైలర్, టాబర్న్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు, 1934 మార్చి 8న రాల్ఫ్ వాటర్స్ మొదట మనిషికిచ్చాడు (పైన చెప్పిన వాటర్స్ వేరు, ఈయన వేరు), కొద్ది నెలల్లోనే మేయో క్లినిక్‌లో లండీ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఇదే జాతి మందులు (బార్బిట్యురేట్లు) రక్తం అందని మెదడుని కాపాడతాయన్న ఆశ లేచింది. బార్బిట్యురేట్ ఎక్కించి ఈఈజీ గీత (మెదడు పని చూపే కరెంటు గీత) చదును చేస్తే మెదడు వాడే ఆక్సిజన్ సుమారు సగానికి పడిపోతుంది. ఖర్చు తగ్గిస్తే కరువులో ఎక్కువ రోజులు నెట్టుకురావచ్చు కదా, లెక్క అదీ. 1970ల్లో కుక్కలు, బబూన్‌లలో మెదడు ధమని ఒకటి మూసి అదే జాతి పెంటోబార్బిటాల్ ఇస్తే చచ్చే భాగం తగ్గిందన్నారు. 1978లో పిట్స్‌బర్గ్‌లో సఫార్ అనే డాక్టర్ దగ్గర బ్లెయార్ట్, తోటివాళ్ళు కోతుల మెదడుకి 16 నిమిషాలు రక్తం పూర్తిగా ఆపి, తర్వాత కిలోకి 90 మి.గ్రా. థయోపెంటోన్ ఇస్తే బాగున్నాయని రాశారు. అందరూ ఎగిరి గంతేశారు. 1984లో అదే చోట గిస్‌వోల్డ్ వాళ్ళు మళ్ళీ చేస్తే ఆ లాభం కనపడలేదు. 1986లో గుండె ఆగి బతికి కోమాలో ఉన్న 262 మంది మీద పెద్ద పరీక్ష చేశారు, కిలోకి 30 మి.గ్రా. ఇచ్చి, చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పే లెక్క నాకు నచ్చుతుంది. ఈ మందు తగ్గించేది మెదడు పని చేసేటప్పుడు అయ్యే ఖర్చుని, బతికి ఉండటానికి అయ్యే ఖర్చుని కాదు. రక్తం పూర్తిగా ఆగిన మెదడులో ఈఈజీ ఇరవై సెకన్లకే చదునవుతుంది. మూసేసిన దుకాణంలో లైట్లు ఆపి ఏం ఆదా చేస్తాం? కొంచెం రక్తం ఇంకా అందుతున్న చోట, ఒక ధమనే మూసుకుపోయిన చోట, కొంత ఉపయోగం ఉండొచ్చు. ఆ జంతువుల్లో మత్తుకి ఒళ్ళు చల్లబడటం కూడా కొంత కాపాడి ఉండొచ్చన్న అనుమానం ఉంది, మెదడుకి చల్లదనం మేలు చేస్తుంది కదా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రాత్రి ఫోన్‌లో ఒక తోటి డాక్టర్, బాగా చదువుకున్నవాడే, "థయో ఇస్కీమియాని కాపాడుతుంది కదా బ్రదర్, మరీ టెన్షన్ పడకు" అన్నాడు. ఇస్కీమియా అంటే రక్తం అందకపోవడం. మెదడుకు చెప్పిన మాట వేలికి చెల్లదు. వేలిలో ఆపడానికి ఈఈజీ లేదు. ఆ మందు చేతి కండరం, చర్మం ఖర్చు ఏమీ తగ్గించదు, దారి మూస్తుంది అంతే. పీజీలో పరిశోధన పేపర్ల శీర్షికలు మాత్రం చదివి గుర్తుపెట్టుకునే అలవాటు మా తరం అందరిదీ, నాదీ.

ఇక ఇంటివాళ్ళతో మాట్లాడటం. మేనేజ్‌మెంట్ నన్ను పక్కకు పిలిచి "ఇంజెక్షన్ రియాక్షన్ అని రాయండి సార్, వాళ్ళకేం తెలుస్తుంది" అన్నారు. ఇంజెక్షన్ వికటించింది అని పేపర్లలో రాసే మాట. వికటించడానికి అది పుట్టుకతో చెడ్డది కాదు, మేం తప్పు గొట్టంలో, రెట్టింపు బలంతో పోశాం. కేస్‌షీట్‌లో ఉన్నదున్నట్టు రాశాను, టైమ్‌తో సహా. కొడుకుని కూర్చోబెట్టి చెప్పాను. వాడు లేచి గోడను ఒక్క గుద్దు గుద్దాడు. "మా అమ్మ చెయ్యి పోతదా సారూ" అన్నాడు. చెయ్యి పోదు, ఒకటో రెండో వేళ్ళు పోవచ్చు, ఇప్పుడే హైదరాబాద్ పోదాం, నేనూ వస్తున్నా అన్నాను. ఆమె చిన్నమ్మ ఒకామె అప్పటికే వేడినీళ్ళ బ్యాగ్ తెచ్చింది చేతికి కాపడం పెడదామని, వద్దని పక్కన పెట్టించాను. స్పర్శ లేని, రక్తం అందని చేతికి వేడి పెడితే తోలు ఊడిపోతుంది, పేషెంట్‌కు తెలియను కూడా తెలియదు.

అంబులెన్స్‌లో చెయ్యి గుండె ఎత్తులో దిండు మీద పెట్టి, దూదితో వదులుగా చుట్టి, కాన్యులాలోకి హెపారిన్ కలిపిన సెలైన్ ప్రెజర్ బ్యాగ్‌తో సన్నగా ఎక్కిస్తూ పోయాం. దాని మీద ఎర్ర సిరాతో 'ధమని, మందు వేయరాదు' అని ప్లాస్టర్ అంటించాను. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆగినప్పుడు ఆమె మెల్లగా అడిగింది, "సారూ, కండెలు చుట్టస్తదా?" నేను జవాబు చెప్పలేదు. వేళ్ళు చూస్తున్నట్టు నటించాను.

హైదరాబాద్‌లో వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ డాప్లర్ స్కాన్ పెట్టి చూశారు. చిటికెన వైపు ధమని బాగుంది, అరచేతిలో రెండు ధమనులూ కలిసే వంపు కూడా తెరిచే ఉంది, మిగిలిన వేళ్ళను కాచింది అదే. మణికట్టు దగ్గర ఆయన చూపించింది నేను మర్చిపోను. బొటనవేలి వైపు ఉండే రేడియల్ ధమని, ఆ వేలి మొదట్లో స్నాయువుల కింద నుంచి దూరిపోవాలి, ఆమెకు వాటి పైనుంచి, చర్మం కిందే, వీన్ పక్కనే వెళ్ళింది. కొందరిలో ఉండే తేడానే అది, అరుదు, కానీ ఉండే చోటు మాత్రం మనందరం వీన్ కోసం వేలు పెట్టే చోటే. మోచెయ్యి చాపుకునే మనిషైతే మేం మడతలోనే పెట్టేవాళ్ళం, ఆ ధమని జోలికే పోయేవాళ్ళం కాదు. ఫ్లోరోసిస్ మాతో అలా ఆడుకుంది.

వారం రోజులు హెపారిన్, తర్వాత ఆస్పిరిన్. ముంజెయ్యి వాచి కండరాలు నలిగిపోతాయేమోనని రోజుకు నాలుగుసార్లు వేళ్ళు చాపి చూశారు, కోయాల్సిన పని రాలేదు. చూపుడువేలి కొస నల్లబడి, ఎండి, గీత గీసినట్టు వేరైంది. తొందరపడి కోయకుండా ఆగారు, ఆరు వారాలకు గోరుతో సహా అదే రాలిపోయింది, అర అంగుళం పోయింది. బొటనవేలి కండలో కొంత స్పర్శ తగ్గింది.

నేను మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. మందు నేనే కలుపుతాను, అర గ్రామా గ్రామా చదివి సిరంజి మీద స్కెచ్ పెన్‌తో రాస్తాను. వేరేవాళ్ళు పెట్టిన కాన్యులాని టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) లేకుండా వేలుతో తడిమి కొట్టుకుంటోందేమో చూస్తాను, సెలైన్ ధారగా దిగితేనే మందు. సెలైన్ దిగట్లేదని సిస్టర్ చెప్తే ఇప్పుడు చేతిలో ఏమున్నా కింద పెట్టి వెళ్తాను. బిగుసుకున్న మోచేతులవాళ్ళకు ముందురోజే వెళ్ళి కాన్యులా నేనే పెట్టుకుంటా, కాలికైనా సరే. ప్రొపోఫోల్ ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతుంది, థయోపెంటోన్ చేతిలోకి తీసుకునే రోజులు తగ్గాయి. ప్రొపోఫోల్ ధమనిలో పోయినా నొప్పే కానీ సాధారణంగా వేళ్ళు రాలవు.

ఏడాది తర్వాత చండూరు దిక్కు ఒక పెళ్ళికి పోయి వాళ్ళింటికి వెళ్ళాను. మిషన్ భగీరథ నీళ్ళు అప్పటికి వాళ్ళ వాడకు రాలేదు, ఆర్వో ప్లాంట్ నుంచి బిందె తెచ్చుకుంటున్నారు. రాట్నం ముందు కూర్చుని ఉంది. చూపుడువేలు మొండి పైకి ఎత్తి పెట్టి, నూలు పోగుని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పట్టి కండె చుడుతోంది. చలికాలం ఆ మొండి జివ్వుమంటదని పాత చీర పీలిక చుట్టుకుంది. "మొదట్ల పోగు జారేది సారూ, ఇప్పుడు జారట్లే" అని కండె నా చేతికిచ్చింది, బిగువు చూడమని.